పటమునకెక్కని వాలు: హైదరాబాదు నగర ప్రణాళికా విధానముపై విమర్శ

పట్టణములో ఇల్లు కట్టదలచిన వానికి ప్రణాళికాశాఖ అనగా ఒక కార్యాలయము, ఒక నక్షా, దానిపై ఒక ముద్ర. దరఖాస్తు పెట్టుకొని, రుసుము చెల్లించి, ముద్ర వేయించుకొన్ననాటితో ఆ శాఖతో ఆయనకు పని తీరును. రోడ్డునుండి ఎన్ని అడుగులు వదలవలెను, ఎన్ని అంతస్తులు లేపవచ్చును అను ప్రశ్నలకు అక్కడ సమాధానము దొరకును. ఆ స్థలముపై పడిన వాన ఎటు పోవును అని ఆయన అడుగడు. చాల సందర్భములలో శాఖయు అడుగదు. హైదరాబాదు నగరమున 2000 ఆగస్టు 24న ఒకమారు, 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరియొకమారు ఆ ప్రశ్న అడిగినది వానయే.

2000లో బేగంపేట వాతావరణ కేంద్రమువద్ద ఒక దినములో 24 సెంటీమీటర్ల వాన నమోదైనది. 2020లో అక్కడనే 19 సెంటీమీటర్లు, నగరమునకు తూర్పున ఘట్‌కేసరువద్ద 32 సెంటీమీటర్లు కురిసినది. ఇట్టి సమయములలో సాధారణముగా వినవచ్చు సమాధానమొకటి కలదు: ఆకాశమునకు చిల్లు పడినట్లు కురిసిన వానకు ఎవరేమి చేయగలరు? ఈ మాటలో సత్యము లేకపోలేదు. అంత వాన ఏటేట కురియదు. కాని వరద కేవలము వానవలన పుట్టదు. ఎంత కురిసినది, ఎంత ఇంకినది, మిగిలినది ఎంత వేగముగా ఏ దారిని పోయినది అను మూడింటి కలయిక వరద. వీనిలో మొదటిది మనుష్యుని చేతిలో లేదు. మిగిలిన రెండును ప్రణాళికాశాఖ ఆమోదించు పటములతో ముడిపడియున్నవి. కావున ఆ శాఖ పనిని రోడ్ల వెడల్పుతో కాక, నీటితో కొలిచి చూచుట న్యాయము.

1908 తరువాత

హైదరాబాదులో ఆధునిక నగర ప్రణాళిక పుట్టినదే వరదనుండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన కూలిన ఇండ్లను చూచి నివేదిక వ్రాసి ఊరుకొనలేదు. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతమును, అనగా ఏ నేలపై పడిన వాన మూసీకి చేరునో ఆ నేలనంతటిని లెక్కకు తెచ్చెను. అది సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు. రమారమి చదరపు మైలుకొకటి. శంషాబాదువద్ద ఒక్క దినములో 12 అంగుళములకు మించి వాన పడినది. పైచెరువు తెగి, ఆ నీరు క్రిందిచెరువు కట్టను తెంచి, అది దాని క్రింది దానిని తెంచి, ఇట్లు 200కు పైగా చెరువులు తెగినవి. నదిలోనికి వచ్చినది ఆనాటి వాన మాత్రమే కాదు, చెరువులలో అదివరకు నిలువయున్న నీరుకూడ.

1909 అక్టోబరులో ఆయన సమర్పించిన నివేదికలో గమనింపదగిన విశేషమేమనగా, నగరపు కష్టమునకు మందు ప్రధానముగా నగరము వెలుపల చూపుట. మూసీపైనను, ఈసీపైనను ఎగువన జలాశయములు కట్టి వరదను అక్కడనే పట్టవలెను. నగరములో నది ఒడ్డులను ఎత్తుచేసి గోడలు, రోడ్లు, ఉద్యానములు ఏర్పరుపవలెను. దీని ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. నగరములోని పనికై 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు ఏర్పడినది.

ఆ బోర్డును ఆకాశమునకెత్తి పొగడనక్కరలేదు. రోడ్లు వెడల్పు చేయుటకై పేదల బస్తీలను పడగొట్టినది కూడ ఆ బోర్డే. ప్రజలచే ఎన్నుకొనబడినవారికి కాక సంస్థానాధీశునికి జవాబు చెప్పుకొన్న సంస్థ అది. అయినను అప్పటి పనిలో ఒక పొందిక ఉన్నది. ఎగువన ఆనకట్ట, దిగువన నదిగోడ, ఊరిలో మురుగుకాలువ, బస్తీలో ఇల్లు అను నాలుగును ఒక్క ఆలోచననుండి బయలుదేరినవి. 1960లో బోర్డు పని హౌసింగు బోర్డులో కలిసిపోయినది. 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ, అనగా ‘హుడా’ వచ్చినది. 2008లో దాని స్థానమున సుమారు 7,200 చదరపు కిలోమీటర్ల పరిధితో మహానగరాభివృద్ధి సంస్థ, ‘హెచ్.ఎం.డి.ఏ.’ ఏర్పడినది. పరిధి పెరిగినది, అధికారము పెరిగినది. పెరుగనిది ఆ పొందిక.

ఇంకొక సంగతి. రెండు జలాశయములును ఎగువనుండి వచ్చు నీటిని ఆపగలవు గాని, నగరముపైననే పడు వానను ఆపజాలవు. 2000లోను, 2020లోను మునిగిన బస్తీలు ఎక్కువగా నాలాల ప్రక్కన, చెరువుల అలుగుల క్రింద ఉన్నవి. 2020 అక్టోబరులో పాతబస్తీవైపు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి క్రింది కాలనీలను ముంచినవి. విశ్వేశ్వరయ్య 788 చెరువుల విషయమున చెప్పినదే నగరపు నడిబొడ్డున మరల జరిగినది. కావున నూరేండ్లనాటి ఆనకట్టలను చూపి నగరము భద్రముగా నున్నదనుట తగదు.

రంగుల పటము

ప్రణాళికాశాఖ ముఖ్యగ్రంథము మాస్టరుప్లాను. దాని హృదయము భూవినియోగ పటము. ఇండ్లకొక రంగు, పరిశ్రమలకొక రంగు, ఉద్యానములకు పచ్చ, నీటికి నీలము. 2013 జనవరిలో ప్రకటింపబడిన, 2031 వరకు ఉద్దేశింపబడిన మహానగర ప్రణాళికయు ఈ పద్ధతిదే. ఈ పటమును చూచినవారికి ఏ సర్వే నంబరు ఏ రంగులో నున్నదో తెలియును. భూముల ధర ఆ రంగును బట్టియే మారును గనుక దానిని శ్రద్ధతో చూచువారికి కొదవ లేదు. కాని ఇందులో ఎత్తుపల్లములు కనిపించవు. ఒక నీలపు మచ్చ నుండి వేరొక నీలపు మచ్చకు నీరు ఏ దారిని పోవునో కనిపించదు.

హైదరాబాదు నేలకు ఇది చిన్న లోపము కాదు. ఈ ప్రాంతము గ్రానైటు రాతిపై నున్నది. చాల చోట్ల పైమట్టి పలుచన. కొద్ది అడుగుల క్రింద రాయి. ఇంకు నీరు తక్కువ, పారు నీరు ఎక్కువ. పూర్వులు ఇది ఎరిగియే గొలుసుకట్టు చెరువులు కట్టిరి. పైచెరువు నిండి అలుగు పారిన క్రిందిచెరువుకు, అది నిండిన దాని క్రింది దానికి, చివరకు నదికి నీరు చేరును. 16వ శతాబ్దమున కట్టిన హుస్సేన్ సాగరుకు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూరు నాలాలు నీరు తెచ్చును. దాని మిగులు నీరు నల్లకుంట, అంబరుపేటల మీదుగా మూసీలో కలియును. ఇందులో చెరువు ఎంత ముఖ్యమో, చెరువునకు చెరువునకు నడుమనున్న కాలువయు అంత ముఖ్యము. పటము చెరువును చూపి కాలువను మరచినచో గొలుసులోని పూసలను ఉంచి దారమును తెంపినట్లగును. మాసబ్‌టాంకు, నల్లకుంట, తలాబ్‌కట్టా అను పేర్లు చదివిన విద్యార్థికి, పేరులో మాత్రమే మిగిలిన నీరెంతో ఊహకు వచ్చును.

ఒక హెక్టారు లెక్క

వాలును మరచుటవలన నష్టమెంతయో ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ లెక్కవేయగలడు. ఒక హెక్టారు నేల 10,000 చదరపు మీటర్లు. దానిపై ఒక గంటలో 5 సెంటీమీటర్ల వాన పడినచో 500 ఘనపు మీటర్లు, అనగా 5 లక్షల లీటర్లు. అది చెట్టుచేమలున్న బయలు అయినచో వర్షారంభమున అందులో అయిదవ వంతు మాత్రమే పారిపోవునని అనుకొందము. 1 లక్ష లీటర్లు. అదే నేల ఇండ్లతోను సిమెంటు రోడ్లతోను నిండినచో పదింట తొమ్మిది వంతులు పారును. 4½ లక్షల లీటర్లు. పారు వంతును తెలుపు ఈ అంకెకు ప్రవాహ గుణకమని పేరు. దీనిని వాన తీవ్రతతోను, వైశాల్యముతోను హెచ్చించి ప్రవాహమును కట్టు పద్ధతి 19వ శతాబ్దమునుండి ఇంజనీర్ల చేతిలో ఉన్నది. 1889లో అమెరికాలో కుయిచ్‌లింగ్ అను ఇంజనీరు దీనిని మురుగుకాలువలకు ఉపయోగించెను.

ఇట్టి నూరు హెక్టార్ల నీరు ఒక నాలాలో చేరునని భావింపుడు. బయలుగా నున్నపుడు సెకనుకు సుమారు 2.8 ఘనపు మీటర్లు; కట్టడములతో నిండిన తరువాత 12.5 ఘనపు మీటర్లు. నాలాలో నీరు సెకనుకు 2 మీటర్ల వేగముతో, మీటరున్నర లోతున పారునచో, మొదట గజము వెడల్పు చాలును. పిదప నాలుగున్నర గజములు కావలెను. నాలాను ఎవరును ఆక్రమింపకపోయినను, అది ఉన్నంత వెడల్పుతో ఉన్నను, చాలదన్నమాట. ఆక్రమణ అను ఒక్క మాటతో దోషమంతయు నాలా ఒడ్డునున్న పేదవాని గుడిసెపై వేయుట ఈ లెక్కకు నిలువదు. ఎగువన నూరు హెక్టార్లకు లేఅవుట్లు మంజూరు చేసి, దిగువ నాలాను ముట్టుకొనకుండ విడిచిన కలము కూడ అందులో భాగస్వామియే.

దీర్ఘకాలపు వానలో బయలునేల కూడ తడిసి నిండి, ఇంకుట తగ్గును. అపుడు రెండింటికి వ్యత్యాసము ఇంత ఉండదు. ఇది ఒప్పుకొనవలసిన మాట. కాని సిమెంటు నేలపై నీరు త్వరగా పరుగెత్తి, అంతటినుండి ఒక్కసారే నాలాకు చేరును. ఆ త్వరయే ముంపునకు మూలము.

ఇపుడు నిబంధనలను చూడుడు. 2012 భవన నియమముల ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టు 30 మీటర్లు, చిన్న చెరువులకును కుంటలకును 9 మీటర్లు, వాగులకు 9 మీటర్లు, నాలాలకు 2 మీటర్లు విడువవలెను. అసలు నిబంధనయే లేకుండుటకంటె ఇది మేలు. కాని ఈ అంకెలకు పరీవాహక ప్రాంతముతో సంబంధము లేదు. పది హెక్టార్ల నీరు వచ్చు నాలాకు 2 మీటర్లే, వేయి హెక్టార్ల నీరు వచ్చు నాలాకు 2 మీటర్లే. కుట్టుకూలివాడు పసివానికి, పెద్దవానికి ఒకే కొలతతో చొక్కా కుట్టినట్లున్నది.

చెరువు విషయమునను ఇట్లే. పూర్తి నీటిమట్టము అనగా ఎత్తు. నేలపై గీచిన గీత కాదు. అలుగు ఎంత ఎత్తున ఉన్నదో ఆ ఎత్తున నీరు ఎంతవరకు వ్యాపించునో అది చెరువు హద్దు. పల్లెలలో దీనినే శిఖమందురు. నూటికి ఒక వంతు వాలుగల నేలలో నీటిమట్టము 30 సెంటీమీటర్లు పెరిగినచో నీటి అంచు 30 మీటర్లు ముందుకు జరుగును. అనగా చట్టము విడువుమన్న 30 మీటర్ల జాగా ఒక్క అడుగు ఎత్తు నీటికి సరి. వాలు మూడువందలకు ఒక వంతైనచో 10 సెంటీమీటర్లకే సరి. అలుగు క్రింది కాలువ పూడినచో చెరువులో నీరు ఆమాత్రము లేచుటకు ఒక్క రాత్రి చాలును. పూర్వము నీరటికాడు అలుగు నెరిగియుండెను, తూము నెరిగియుండెను. ఇప్పటి పటము సర్వే నంబరు నెరుగును.

హద్దు తేలకముందే హక్కు

2010లో చెరువుల పరిరక్షణకై ఒక సంఘము ఏర్పడి, మహానగర పరిధిలో 3,000కు పైచిలుకు చెరువులను గుర్తించినది. వానికి పూర్తి నీటిమట్టము నిర్ణయించి, ఆక్షేపణలు విని, తుది ప్రకటన చేయవలెను. పదేండ్లు దాటిన తరువాతకూడ అత్యధిక భాగమునకు తుది ప్రకటన రాలేదు. ఈ లోపున లేఅవుట్లకు మాత్రము ఆటంకము కలుగలేదు.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి వేరొకటి. రుసుము తీసికొని వానిని క్రమబద్ధము చేయు పథకములు 2007-08లో ఒకసారి, 2015లో ఒకసారి వచ్చినవి. మూడవసారి 2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వము ఉత్తర్వు వెలువరించగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు చేరినవి. ఉత్తర్వు వెలువడిన ఆరు వారములకే అక్టోబరు వాన వచ్చినది. చెరువు శిఖములోని ప్లాట్లను ఆ పథకమునుండి మినహాయించిరి, అది న్యాయము. కాని ప్లాటు శిఖములో నున్నదో లేదో చెప్పవలసిన పటమే అనేక చెరువులకు తుదిరూపు పొందియుండలేదు. పైగా పరిశీలన ప్లాటు ప్లాటునకు వేరుగా జరుగును. ఒక్క ప్లాటువలన వరద రాదు. కావున ప్రతి ప్లాటును నిర్దోషియే. 200 గజముల ప్లాటు కొన్న చిన్న ఉద్యోగి మోసపోయినవాడే గాని మోసగాడు కాడు. అందరు నిర్దోషులును కలిసి వరదను తెచ్చు ఈ విచిత్రమును ఆపగల చోటు ఒక్కటే, అది ప్రణాళికాశాఖ. అట్టి శాఖకు, జరిగిపోయిన తప్పును వెలకట్టు పని అప్పగించిరి.

ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరుల ఎగువ ప్రాంతమునకు మాత్రము ఒకసారి సరియైన కొలత వాడిరి. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెలువరించిన 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామములలో పెద్ద కాలనీలను, కాలుష్య పరిశ్రమలను నిషేధించినది. అది ప్లాటును కాక పరీవాహక ప్రాంతమును చూచిన ఉత్తర్వు. ఆ గ్రామముల రైతులకు దానివలన భూమి విలువ పడిపోయినదనుట నిజము. నగరమునకై వారు నష్టపడుచుండగా నగరము వారికేమి ఇచ్చినదన్న ప్రశ్నకు సరియైన జవాబు లేదు. ఆ జవాబును వెదకుటకు బదులు 2022లో ఆ నిషేధమును సడలించిరి.

దోషమంతయు ప్రణాళికాశాఖదే అనుట అన్యాయమగును. చెరువు కట్ట నీటిపారుదల శాఖది, శిఖము భూమి రెవిన్యూశాఖది, నాలా నగరపాలక సంస్థది, మురుగుగొట్టము జలమండలిది. నీటికి మాత్రము ఈ హద్దులు తెలియవు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదలపై వెలువరించిన మార్గదర్శకములు, ప్రణాళికకు పరీవాహక ప్రాంతమునే ఆధారముగా తీసికొనుమని స్పష్టముగా చెప్పినవి. కాలువల లెక్కలో ప్రవాహ గుణకమును 0.95 వరకు తీసికొనవలెనని, నాలుగు చదరపు కిలోమీటర్లకొక స్వయంచాలక వర్షమాపకము ఉండవలెనని కూడ అందులో కలదు. హైదరాబాదులో వర్షమాపకములకు ఇప్పుడు లోటు లేదు. వాన వెలిసిన గంటలో ఏ బస్తీలో ఎన్ని మిల్లీమీటర్లు పడినదో పత్రికలకు తెలియును. ఆ అంకె లేఅవుటు పరిశీలించు బల్లమీదికి చేరునపుడు గదా దాని ప్రయోజనము.

ప్రైవేటు వ్యక్తులే కాదు, ప్రభుత్వ సంస్థలును వాలును మరచినవి. మహాత్మాగాంధీ బస్సు స్టేషను మూసీ పాయల నడుమ ఇమ్లీబన్‌లో నున్నది. 2025 సెప్టెంబరు చివరి వారమున జంట జలాశయముల గేట్లెత్తగా ఆ స్టేషనులోనికి నీరు వచ్చినది. 1908 వరద వచ్చినదియు సెప్టెంబరు చివరి వారముననే; కాని 1908 ప్రవాహముతో ఇది పోల్చదగినది కాదు. అట్టి ప్రవాహమునకే నగరములోని అతి పెద్ద బస్సు స్టేషను మునిగినది.

2024 జూలైలో విపత్తుల నివారణకును, ప్రభుత్వ ఆస్తుల రక్షణకును ‘హైడ్రా’ అను సంస్థ ఏర్పడి, చెరువులలోని కట్టడములను కూల్చసాగినది. అంబరుపేటలోని బతుకమ్మకుంటను 2025లో మరల నీటితో నింపిరి, ఇది సంతోషింపదగినది. కాని కూల్చుట ప్రణాళిక కాదు. కూల్చిన ప్రతి ఇంటికి వెనుక, ఎవరో ఒకరు చూడవలసిన సమయమున చూడని పటమొకటి ఉన్నది. ఇల్లు కోల్పోయినవాడు శిక్ష అనుభవించును. పటము అట్లే యుండును.

ఈ లోపము హైదరాబాదుకే పరిమితము కాదు. విజయవాడలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్ళింపు కాలువ గండ్లు పడి, సింగునగరు ప్రాంతము దినముల తరబడి నీటిలో ఉన్నది. వాగు పాతదారి పల్లపు భూములలో కాలనీలు ముందు వచ్చినవి. వాగు వెనుక వచ్చినది.

చేయవలసిన పని పెద్ద విజ్ఞానమును కోరునది కాదు. భూవినియోగ పటము గీయుటకు ముందు సమోన్నత రేఖల పటము గీయవలెను. దానిపై ప్రతి చెరువు అలుగు ఎత్తును, ఒక అలుగునుండి క్రిందిచెరువు వరకు కాలువ దారిని గుర్తింపవలెను. లేఅవుటు మంజూరు చేయునపుడు, కట్టడములకు ముందు ఎంత నీరు పారెను, తరువాత ఎంత పారును, ఆ అధిక నీటిని దిగువ నాలా భరించునా అను మూడు అంకెలను దరఖాస్తుదారు చూపవలెను, శాఖ సరిచూడవలెను. ఆ మూడు అంకెలను అందరు చూచునట్లు ప్రకటింపవలెను. ఇందులో క్రొత్త చట్టముతో పనిగలది తక్కువ.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించి చూడవచ్చును. 1:50,000 సర్వే పటమును తీసికొని పాఠశాల ఉన్న చోటును గుర్తింపుడు. సమోన్నత రేఖలకు అడ్డముగా పల్లమువైపు పెన్సిలుతో గీత గీచుకొనుచు పోయినచో పాఠశాల ఆవరణలో పడిన వాన ఏ వాగులో, ఏ చెరువులో కలియవలెనో తెలియును. తరువాత విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ గీత వెంట నడువుడు. గీత ఏ గోడవద్ద ఆగిపోయినదో, ఆ గోడ ఎవరిదో, దానికి అనుమతి ఏ సంవత్సరమున వచ్చినదో వ్రాసికొనుడు. ఆ కాగితమును స్థానిక ప్రణాళికాశాఖ కార్యాలయమున ఇచ్చి రసీదు అడుగుడు.